రెండో బ్రేకు

ఆ నెలంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. పొయ్యి మీద పాలు పెట్టి వాకిట్లోకి, వాకిట్లోంచి ఆయన మంచం దగ్గరికి, అక్కణ్ణుంచి మిషన్ల షెడ్డులోకి. మిషన్లలో దుప్పట్లకన్నా ఈవిడే ఎక్కువ తిరుగుతోందని ఇస్త్రీ చేసే ఆడవాళ్ళు నవ్వుకునేవారు. నవ్వుకోనీ. వాళ్ళ మొగుళ్ళు మంచాన పడలేదు. నడిపే దిక్కులేని వ్యాను వాళ్ళ వాకిట్లో నిలబడి రోజూ వాళ్ళని వెక్కిరించడం లేదు.

మాది లాండ్రీ. పెద్దాసుపత్రి దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గదుల్లో వాడే పచ్చగుడ్డలు మేమే ఉతుకుతాం. మాసినవి తేవడం, ఉతికినవి చేర్చడం మా ఆయన పని. తెల్లారకముందే వ్యాను తీసేవారు. ఒకరోజు స్నానాలగదిలో కుప్పకూలారు. కుడిచెయ్యి, కుడికాలు పట్టు తప్పాయి. మాట మిగిలింది, కోపం మిగిలింది, డ్రైవింగు పోయింది. జీతానికి పెట్టుకున్న డ్రైవర్లలో ఒకడు పొద్దెక్కాక ఒళ్ళు విరుచుకుంటూ వచ్చేవాడు, ఇంకొకడు చెప్పాపెట్టకుండా మానేశాడు. ఒకరోజు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకోవలసిన మనిషిని దుప్పటి లేని మంచం పక్కన నిలబెట్టారట. స్టోరు మేనేజరమ్మ నన్ను పిలిపించి మర్యాదగానే చెప్పింది. వచ్చే నెల మొదటి రోజునుంచి ఇంట్లోవాళ్ళెవరైనా లైసెన్సు తీసుకుని వేళకి తేవాలి, లేకపోతే పని ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

ఆసుపత్రి పోతే మా లాండ్రీకి వీధిలోవాళ్ళ చొక్కాలు తప్ప ఇంకేం ఉండదు. ఇస్త్రీవాళ్ళని పంపించెయ్యాలి, మిషన్లు అమ్ముకోవాలి. ఇంట్లోవాళ్ళంటే నేనే. మాకు పిల్లలు లేరు. నాకు దొరికిన పరీక్ష తేదీ నెలాఖరున. అది తప్పితే మళ్ళీ తేదీ వచ్చేది గడువు దాటాకే. అంటే ఒక్కటే అవకాశం, తప్పుకు చోటు లేదు.

ఇక గురువు ఎవరంటే మా మరిది. నేను ఈ ఇంటికొచ్చేనాటికి పలక చంకలో పెట్టుకుని తిరిగేవాడు. అత్తగారు అప్పటికే లేరు. వాడి ముక్కు తుడిచింది నేను, ఎక్కాలు అప్పజెప్పించుకున్నది నేను, జ్వరమొస్తే పక్కన కూర్చున్నది నేను. ఇప్పుడు డ్రైవింగు స్కూలు పెట్టి, నెత్తిన బోర్డున్న కారులో తిరుగుతుంటే ఊరంతా మాస్టారూ అంటోంది. నాకు మాత్రం నవ్వొచ్చేది.

కారెక్కాక నవ్వు రాలేదు. ఎక్కం దగ్గర తడబడితే నేను వాడిని ఎలా కళ్ళురిమేదాన్నో, వాడు నన్ను అచ్చం అలాగే ఉరిమేవాడు. క్లచ్చు వదినా, క్లచ్చు. అద్దం చూడు వదినా. గేరు అంటే గరిటె కాదు వదినా, అలా తిప్పకు. బండి దిగేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. ఇంటికొస్తే ఆయన రెండో క్లాసు మొదలుపెట్టేవారు. నేల మీద గిన్నెల మూతలు మూడు వరసగా పెట్టించి, ఎడమది క్లచ్చు, మధ్యది బ్రేకు, కుడిది యాక్సిలరేటరు అని, మంచం మీంచి ‘ఎదురుగా లారీ, ఆపు’ అని కేకేసేవారు. నేను మూత తొక్కేదాన్ని. ఒకసారి మూత జారి వెల్లకిలా పడితే, ఆయన ఆ నెలలో మొదటిసారి నవ్వారు. పడినందుకు కోపం వచ్చింది గానీ ఆ నవ్వు కోసం ఇంకోసారి పడినా ఫరవాలేదనిపించింది.

ఎన్ని తిట్లు తిన్నా నాకు ఒక్కటి మాత్రం బాగా వచ్చేసింది. అదే బ్రేకు. గేరు దగ్గర ఓడిపోయేదాన్ని, మలుపు దగ్గర ఓడిపోయేదాన్ని, బ్రేకు దగ్గర మాత్రం మహారాణిని. పాదం అలా ఆనిస్తే చాలు, పెడలు వెన్నముద్దలోకి దిగినట్టు దిగేది, బండి బుద్ధిగా ఆగేది. మిగతా స్టూడెంట్లు ఆపితే తలకాయలు ముందుకొచ్చి గుద్దుకుంటాయి. నేను ఆపితే గ్లాసులో నీళ్ళు తొణకవు. ఈ సంగతి ఆయనకి రోజూ చెప్పేదాన్ని. ఇస్త్రీవాళ్ళకీ చెప్పేదాన్ని. మా మరిదికీ చెప్పాను. వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ, అవును వదినా, బ్రేకు బాగానే ఉంది అన్నాడు.

పరీక్ష ఇంకో రెండు వారాలుందనగా ఆగలేకపోయాను. వ్యానుని మా ఆవరణలోనే షెడ్డు దగ్గర్నుంచి గేటు దాకా తెస్తానన్నాను. ఆయన గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. తీశాను, కదిలింది, భలేగా వస్తోంది. ఆపాల్సిన చోటు వచ్చింది. పాదం ఆనించాను. పెడలు రాయిలా ఉంది. దిగలేదు. అయ్యో దిగదేమిటి అనుకునేలోపు వ్యాను వెళ్ళి దుప్పట్లు ఆరేసిన కర్రల్ని కొట్టింది. కర్రలు పడ్డాయి, తడి దుప్పట్లు అద్దం నిండా పరుచుకున్నాయి, లోపల అంతా తెల్లటి చీకటి. ఇంజను దానంతటదే చచ్చింది. ఆయన అరుపులు వినబడుతున్నాయి గానీ నాకు ఎటునుంచో తెలియలేదు.

దుప్పట్లు తొలగించుకుని బయటికొచ్చి, వ్యానుకి బ్రేకులు పోయాయన్నాను. ఆయన ఒప్పుకోలేదు, తను పడిపోవడానికి ముందే కొత్తవి వేయించారట. నేనూ ఒప్పుకోలేదు. నా బ్రేకు గురించి నాకు తెలియదా? మెకానిక్కుని పిలిపించాను. అతను చక్రాలు ఊడదీశాడు, లోపల తడిమాడు, మళ్ళీ బిగించాడు, ఆవరణలో రెండు చుట్లు కొట్టి గేటు ముందు టక్కున ఆపాడు.

“బ్రేకులు బంగారంలా ఉన్నాయక్కా. నువ్వసలు తొక్కావా?”

ఆనించానని చెప్పాను. అతను ఆశ్చర్యంగా చూసి, ఆనిస్తే ఏ బండి ఆగుతుందక్కా, తొక్కాలి గానీ అన్నాడు. నేను నేర్చుకున్న కారు ఆనిస్తే ఆగుతుందన్నాను. ఎవరి కారని అడిగాడు. చెప్పాను. అప్పుడు అతనికి నవ్వు మొదలైంది. నేర్పే కారులో మాస్టారి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుందట, అదీ నా బ్రేకూ ఒకదానికొకటి కలిపి ఉంటాయట. మాస్టారు తొక్కితే నా కాలి కిందది కూడా దిగుతుందట. ఇన్నాళ్ళూ బండి ఆపిందెవరో ఇంట్లో కనుక్కోమని చెప్పి, సామాన్ల సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మహారాణి కిరీటం ఆవరణలో తడి దుప్పట్ల మధ్య పడిపోయింది.

ఆ రోజు అన్నం సహించలేదు. అంత మాట బయటివాడు చెబితే నమ్మెయ్యడమేనా అని ఒక మనసు, నీ కాలికి తెలుసుగా అని ఇంకో మనసు. మర్నాడు క్లాసుకి ముందే వెళ్ళాను. మా మరిది ఒకరు నడుపుతుంటే తర్వాతి వాళ్ళని వెనక సీట్లో కూర్చోబెట్టుకుంటాడు. రోజూ వాడి వెనకే కూర్చునేదాన్ని. ఆ రోజు నడిపేవాళ్ళ వెనక్కి జరిగి కూర్చున్నాను, అక్కణ్ణుంచి వాడి కాళ్ళు కనబడతాయి. నడుపుతున్నది బ్యాంకులో పనిచేసే అమ్మాయి. వాడు కాళ్ళు రెండూ సీటు కిందికి లాక్కుని, పల్లీలు తింటున్నాడు. పళ్ళబండి అడ్డంగా వచ్చింది. “ఆపమ్మా” అన్నాడు, అంతే. ఆ పిల్ల బ్రేకు మీద ఎగిరి తొక్కింది, నా నుదురు ముందుసీటుకి ఠంగుమని తగిలింది. వాడి కాలు వెంట్రుకవాసి కదల్లేదు. తిట్టను కూడా తిట్టలేదు. పైగా, వాసనొస్తోంది కదూ, క్లచ్చు కాలుతోందమ్మా అని చెప్పి, నాకు పల్లీలు చాపాడు.

తర్వాత నా వంతు. రోడ్డు సగం చూశాను, వాడి కాలు సగం చూశాను. దూరాన ఎర్రదీపం పడిందో లేదో వాడి మడమ లేచింది. నేను పాదం ఆనించేలోపే పెడలు వెన్నలా దిగింది. బండి పక్కకి తీసి, తాళం తిప్పి ఆపేసి, ఒంటికాలి మీద లేచాను.

“ఎన్నాళ్ళనుంచి రా?”

ఏమిటి వదినా అన్నాడు. తెలియనట్టు నటించకురా వెధవా, నీ మొహం నాకు తెలియదా అన్నాను. అలవాటు అన్నాడు. బ్యాంకమ్మాయి దగ్గర లేని అలవాటు నా దగ్గరెందుకు వచ్చిందన్నాను. నేనేమైనా గుడ్డిదాన్నా, కుంటిదాన్నా, నీకు నవ్వులాటగా ఉందా అని నోటికొచ్చినవన్నీ అన్నాను. వాడు పల్లీల పొట్లం మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు.

“ఆ అమ్మాయి గుద్దితే బండికి సొట్ట పడుతుంది వదినా, బాగుచేయించుకుంటాను. నీకేమైనా అయితే నేనెవరి దగ్గరికి పోను? అన్నయ్య పడిపోయిన రోజునుంచి ఈ కాలు నా మాట వినడం లేదు.”

ఏడవాలో నాలుగు తగిలించాలో తెలియలేదు. వాడిని దగ్గరికి తీసుకోవాలనిపించింది, సీటుబెల్టు అడ్డమొచ్చింది. ఆ బెల్టు మీద కూడా కోపమొచ్చింది. వ్యానులో నీ కాలు ఉండదురా అని చెప్పాను. పరీక్షలో ఉండదు. ఇంకో రెండు వారాలు నన్నిలా కాపాడావంటే మీ అన్నయ్య లాండ్రీకి తాళం వెయ్యాలి. నీకు నామీద ప్రేముంటే కాళ్ళు పైకి పెట్టుకో అన్నాను. వాడికి అర్థం కాలేదు. పైకే, సీటు మీదికి, బాసింపట్టు వేసుకుని, భోజనానికి కూర్చున్నట్టు కూర్చో అన్నాను.

వేసుకున్నాడు. తన చిన్నప్పుడు నాకు పడ్డ బాకీ తీరుస్తున్నాననుకున్నాడేమో. ఆ పూటే చెత్తకుండీని గుద్దాను. కారుకి సొట్ట పడింది. నాకూ వాడికీ ఏమీ కాలేదు. చూశావా, బతికే ఉన్నాం అన్నాను. వాడు కళ్ళు తెరవకుండానే తలూపాడు.

అప్పటినుంచి వీధులన్నీ మమ్మల్ని చూసి నవ్వాయి. నెత్తిన బోర్డు పెట్టుకున్న కారులో మాస్టారు బాసింపట్టు వేసుకుని, కళ్ళు మూసుకుని, డాష్‌బోర్డు పట్టుకుని కూర్చుంటే నవ్వరా మరి? నేను బ్రేకు తొక్కడం మొదటినుంచి నేర్చుకున్నాను. ముందు ఎగిరి తొక్కేదాన్ని, తర్వాత ఆలస్యంగా తొక్కేదాన్ని. పిక్కలు పట్టేసేవి. ఒకసారి వాడి కాలు మెల్లగా సీటు దిగుతుంటే మోకాలి మీద చెయ్యి ఎత్తి ఒక్కటి వేశాను. ఒకరోజు బడి ముందు, పిల్లలు వదిలే వేళకి, వాడు బండి ఆపించి దిగిపోయాడు. నావల్ల కాదు వదినా, తెలిసిన ఇంకో మాస్టారి దగ్గర చేర్పిస్తాను, నేను చూడలేను అన్నాడు. మొహం చెమటతో తడిసిపోయింది. నాకు నిజంగా జాలేసింది. కానీ జాలిపడే తీరిక ఎక్కడుంది? ఎక్కాలు రాక నువ్వు ఏడిస్తే నిన్ను పక్కింటికి పంపించానురా అని అడిగాను. కాసేపు కారు చుట్టూ తిరిగాడు, చక్రాన్ని తన్నాడు, ఎక్కి బాసింపట్టు వేసుకున్నాడు.

పరీక్ష రోజు వచ్చింది. లైసెన్సు ఆఫీసు గేటు దగ్గర ఊళ్ళోని డ్రైవింగు మాస్టార్లందరూ తమ తమ కార్ల పక్కన నిలబడ్డారు. పరీక్ష పెట్టే ఆఫీసరు సన్నటి మనిషి, మాట్లాడే ముందొకసారి, తర్వాతొకసారి దగ్గుతాడు. పరీక్ష మా మరిది కారులోనే. ఆఫీసరు వాడి సీట్లో కూర్చుని, నన్ను పోనివ్వమన్నాడు. పక్కనున్న పెడలు తను తొక్కాల్సి వస్తే పరీక్ష అక్కడితో సరి అని ముందే చెప్పాడు. ఎత్తు ఎక్కాను, జారలేదు. వెనక్కి తీసి గీతల మధ్య పెట్టాను, గీత తాకలేదు. ఆఖరిది రోడ్డు. కూడలి దాటాక ఒక బస్సు ఆగి ఉంది. దాని ముందునుంచి ఒక ముసలాయన, చేతిలో సంచితో, ఎటూ చూడకుండా రోడ్డు మీదికి వచ్చేశాడు.

తొక్కాను. రాయిలా తగిలింది. ఇంకా తొక్కాను. బండి ముక్కు వంచి ఆగుతుండగా, పెడలు నా పాదం కింద ఒక్కసారిగా మెత్తబడి దిగిపోయింది. ముసలాయన మమ్మల్ని చూసి, సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆఫీసరు దగ్గి, నేను తొక్కాల్సి వచ్చిందమ్మా, ఇక గేటు దగ్గరికి పోనివ్వండి అన్నాడు.

కళ్ళముందు లాండ్రీ మొత్తం కనబడింది. ఆగిపోయిన మిషన్లు, ఇంటికి పోతున్న ఇస్త్రీవాళ్ళు, గోడవైపు తిరిగి పడుకున్న ఆయన. గేటు దగ్గరికి ఎలా తెచ్చానో నాకే తెలియదు. ఆఫీసరు దిగమన్నాడు. నేను దిగలేదు.

“ముందు తొక్కింది నేను సార్.”

అందరూ అదే అంటారమ్మా అన్నాడు. అందరి సంగతి నాకు తెలియదు, నా కాలి సంగతి నాకు తెలుసన్నాను. ముందు గట్టిగా ఉంది, బండి ఆగుతోంది, ఆ తర్వాతే మెత్తబడింది, మీ కాలు పడినప్పుడే మెత్తబడుతుంది అని చెప్పాను. ఆ తేడా మీకెలా తెలుసన్నాడు. దానికి నా దగ్గర జవాబుంది, కానీ నోరు రాలేదు. గేటు దగ్గర మాస్టార్లందరూ మూగారు. స్టూడెంటు తొక్కాల్సిన బ్రేకు మాస్టారే తొక్కాడంటే రేపు మా మరిది స్కూల్లో ఎవరు చేరతారు? చెబితే వాడి అన్నం పోతుంది, చెప్పకపోతే నా అన్నం పోతుంది.

వాడు ఎప్పుడొచ్చాడో, కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

“నా వల్ల తెలుసు సార్. పాఠం చెప్పినన్నాళ్ళూ ఈవిడ బ్రేకు నేనే తొక్కాను. నన్ను పెంచిన మనిషి, భయమేసి తొక్కాను. పక్కవాడి కాలు పడితే పెడలు ఎలా దిగుతుందో ఈవిడకి తెలిసినట్టు ఇక్కడెవరికీ తెలీదు.”

గుసగుసగా కాదు, అందరికీ వినబడేలా చెప్పాడు. గేటు దగ్గర నవ్వులు లేచాయి. అయితే లైసెన్సు మీరే తీసుకోండి మాస్టారూ అన్నాడొకడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి గానీ అక్కణ్ణుంచి కదల్లేదు. ఆఫీసరు చాలాసేపు దగ్గాడు. రోజంతా తొక్కీ తొక్కీ నా కాలూ అలవాటుకొద్దీ పడి ఉంటుందేమో, ఎవరిది ముందో నేను ఒట్టేసి చెప్పలేను అన్నాడు. ఇంకో చుట్టు వెయ్యమన్నాడు. ఈసారి కాళ్ళు బాగా వెనక్కి లాక్కున్నాడు. ఆ చుట్టంతా నేను మా మరిది చెవులే తలచుకుంటూ నడిపాను. పాసయ్యాను.

నెల మొదటి రోజు వేకువనే ఇస్త్రీవాళ్ళు వ్యానులో మూటలు ఎక్కించారు. ఆయన గుమ్మంలో కూర్చుని, ఏమీ చెప్పనంటూనే అన్నీ చెప్పారు. బయలుదేరాను. రెండు వీధులు దాటాక అద్దంలో చూస్తే వెనక ఒక కారు, నెత్తిన బోర్డు. మలుపు తిరిగాను, తిరిగింది. నెమ్మదించాను, నెమ్మదించింది. ఒళ్ళు మండిపోయింది. వ్యాను ఆపి, దిగి, వాడి కిటికీ దగ్గరికి వెళ్ళాను. అడ్డు రాను వదినా, ఊరికే వెనకాల ఉంటాను, ఈ ఒక్కరోజే అన్నాడు. నువ్వు వెనకుంటే నా కళ్ళు అద్దంలోనే ఉంటాయి, రోడ్డెవరు చూస్తారురా అన్నాను. వెనక్కి తిప్పుకుని పో అని గదమాయించాను. వాడు అంత ఇరుకు వీధిలోనూ ఒక్క పట్టున కారు తిప్పాడు.

నేను వ్యానెక్కి మలుపు తిరిగాక అద్దంలోకి చూశాను. ఖాళీ రోడ్డు. పొమ్మన్నది నేనే, అయినా ప్రాణం ఉసూరుమంది. భయమేసింది. ఆసుపత్రి దాకా నాతో నేనే పైకి మాట్లాడుకుంటూ, క్లచ్చు వదినా, అద్దం వదినా అని వాడి మాటలే వాడి గొంతుతో అనుకుంటూ వెళ్ళాను. మేనేజరమ్మ మూటలు దింపించుకుని, రేపూ ఇదే వేళకేనా అని అడిగింది. రోజూ ఇదే వేళకి అన్నాను.

బయటికొచ్చి వాడికి ఫోను చేసి, చేరాను అన్నాను. అవతల ఇంజను చప్పుడు లేదు. ఎక్కడున్నావురా అన్నాను.

“అక్కడే వదినా. తిప్పాను గానీ, పోనివ్వలేకపోయాను.”

“ఇక వెళ్ళు. బ్యాంకమ్మాయి ఎదురుచూస్తుంటుంది” అని కసిరాను. కసిరానే గానీ ఫోను పెట్టలేదు. వాడి కారు ఇంజను చప్పుడు వినబడేదాకా చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాను.